లారీ క్రెయిగ్ కేసు, మఫ్టీ పోలీసుల వల: తరచుగా అడిగే ప్రశ్నలు

రిపబ్లికన్ పార్టీకి చెందిన అమెరికా సెనేటర్ లారీ క్రెయిగ్, పక్క గదిలోని మఫ్టీ పోలీసుకు కాలితో, చేత్తో లైంగిక సంకేతాలు ఇచ్చారన్న ఆరోపణపై 2007లో విమానాశ్రయం టాయిలెట్‌లో అరెస్టయిన ఉదంతం ఎప్పుడు చర్చకు వచ్చినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కాలు తడితే కేసా? పోలీసులే వల పన్నితే అది నేరమెలా అవుతుంది? ఒకసారి ఒప్పుకున్న మనిషి తర్వాత కాదంటే కోర్టు ఎందుకు వినలేదు? ఆ ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఎక్కడి నుంచైనా చదవడం మొదలుపెట్టొచ్చు.

## వల పన్నడం

ఆ టాయిలెట్‌లో పోలీసులు ఎందుకు కాపు కాశారు? క్రెయిగ్ కోసమేనా?

కాదు. మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్–సెయింట్ పాల్ విమానాశ్రయంలో ఉన్న ఒక పురుషుల టాయిలెట్‌లో లైంగిక వ్యవహారాలు నడుస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. దాంతో 2007 వేసవిలో విమానాశ్రయ పోలీసులు మఫ్టీలో ఉన్న అధికారిని అక్కడ ఒక గదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అధికారి లోపల తలుపు వేసుకుని కూర్చుంటాడు, పక్క గదిలోకి వచ్చినవాళ్లు ఏం చేస్తారో గమనిస్తాడు. అంతే పద్ధతి. ఆ వలలో పలువురు పడ్డారు, క్రెయిగ్ వారిలో ఒకరు. ఆయన సెనేటర్ అన్న సంగతి అరెస్టు తర్వాత ఆయన చేతికిచ్చిన విజిటింగ్ కార్డుతో బయటపడింది.

2007 జూన్ 11న సరిగ్గా ఏం జరిగింది?

పోలీసు నివేదిక ప్రకారం క్రమం ఇది. మధ్యాహ్నం 12 దాటాక క్రెయిగ్ ఆ గది ముందు నిలబడి తలుపు సందులోంచి సుమారు రెండు నిమిషాలు లోపలికి చూశారు. పక్క గది ఖాళీ కాగానే అందులోకి వెళ్లారు. చక్రాల బ్యాగును తలుపుకు ఆనించి పెట్టారు. కుడి కాలి వేళ్లను తడుతూ పాదాన్ని అధికారి వైపు జరిపారు. అధికారి తన పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. తర్వాత క్రెయిగ్ పాదం అధికారి పాదాన్ని తాకింది. ఆపైన క్రెయిగ్ చెయ్యి గదుల మధ్య అడ్డుగోడ కిందుగా మూడుసార్లు కదిలింది. అప్పుడు అధికారి ఆ అడ్డుగోడ కింది సందులోంచి తన బ్యాడ్జి చూపించాడు. మొత్తం వ్యవహారానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

క్రెయిగ్ వాదన వేరు. తాను కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుంటాననీ, కింద పడ్డ కాగితం ముక్క తీయడానికి వంగాననీ ఆయన చెప్పారు. కాగితం ఏదీ లేదన్నాడు అధికారి. అక్కడ కెమెరా లేదు. అరెస్టు తర్వాత జరిగిన సంభాషణకే ఆడియో ఉంది.

కాలు తడితే ‘రమ్మని’ అర్థమని ఎవరు చెప్పారు?

పురుషుల మధ్య శృంగారం నేరంగా ఉన్న దశాబ్దాల్లో పుట్టిన మూగ భాష అది. మాట పెగిలితే జైలు, ఉద్యోగం ఊడడం, పేపర్లో పేరు. అందుకే ఒక్కో మెట్టూ ఎదుటివాడి జవాబు చూసుకుని ఎక్కేలా ఆ సంకేతాలు కుదురుకున్నాయి. ముందు చూపు, తర్వాత కాలు, తర్వాత చెయ్యి. జవాబు రాకపోతే అక్కడితో ఆగిపోవాలి. సంబంధం లేనివాడికి ఏదీ అర్థం కాకూడదు.

ఈ సంకేతాల అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎవరికీ అర్థం కాకూడదని తయారైన సైగను కోర్టులో రుజువుగా పెట్టాలంటే, దాన్ని చదవగలిగే శిక్షణ పొందిన అధికారి మాటే ఆధారం. విడిగా చూస్తే ఒక్కో కదలికకూ మామూలు కారణం చెప్పొచ్చు. వరసగా, అదే క్రమంలో వస్తే మాత్రం మామూలు కారణం నమ్మడం కష్టమవుతుంది. ప్రాసిక్యూషన్ బలమంతా ఆ వరసలోనే ఉంది. క్రెయిగ్ విచారణకు వెళ్లి ఉంటే ఆయన లాయరు తవ్వాల్సిన చోటూ అదే: అధికారి పాదం కదిలించడం ఆ మూగ భాషలో ‘సరే’ అని చెప్పడం కాదా?

## అరెస్టు, ప్రశ్నించడం

మాటా లేదు, డబ్బూ లేదు, శృంగారమూ జరగలేదు. మరి ఏ నేరం కింద పట్టుకున్నారు?

రెండు అభియోగాలు మోపారు. మొదటిది తలుపు సందులోంచి తొంగిచూసినందుకు, ఏకాంతానికి భంగం కలిగించడం. మిన్నెసోటా చట్టంలో సెక్షన్ 609.746 కింద ఇది గ్రాస్ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో తీవ్రమైన తరగతి), అప్పట్లో గరిష్ఠంగా ఏడాది జైలు, 3,000 డాలర్ల జరిమానా. రెండోది సెక్షన్ 609.72 కింద డిజార్డర్లీ కండక్ట్, అంటే ఇతరులకు ఆందోళన లేదా ఆగ్రహం కలిగిస్తుందని తెలిసి గానీ, తెలియాల్సి ఉండి గానీ అలా ప్రవర్తించడం. ఇది మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, గరిష్ఠం 90 రోజులు, 1,000 డాలర్లు.

ఇద్దరు వయోజనుల ఇష్టపూర్వక స్వలింగ సంపర్కం అప్పటికి నేరం కాదు. లారెన్స్ వర్సెస్ టెక్సస్ కేసులో 2003లోనే సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టేసింది. కాబట్టి ‘గే అయినందుకు అరెస్టు చేశారు’ అన్నది చట్టపరంగా తప్పు.

‘నువ్వు పోలీసువా?’ అని అడిగితే నిజం చెప్పి తీరాలి కదా?

అక్కర్లేదు. అలాంటి నియమం ఏదీ లేదు. ఈ అపోహను నమ్ముకుని ఇరుక్కున్నవాళ్లు చాలామంది.

మౌనంగా ఉండే హక్కు ఉందని మఫ్టీ అధికారి ముందే చెప్పాలా?

లేదు. ఆ హక్కును గుర్తుచేసే మిరాండా హెచ్చరిక రెండు షరతులూ కలిసినప్పుడే అవసరం: మనిషి పోలీసుల అదుపులో ఉండాలి, పోలీసులు ప్రశ్నిస్తూ ఉండాలి. ఎదురుగా ఉన్నది పోలీసని తెలియనప్పుడు అదుపు వల్ల కలిగే ఒత్తిడే ఉండదని 1990లో ఇల్లినాయ్ వర్సెస్ పెర్కిన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాడ్జి బయటికొచ్చి, గదిలో కూర్చోబెట్టి అడగడం మొదలయ్యాక లెక్క మారుతుంది.

పట్టుకున్నాక పోలీసులు అబద్ధం ఆడొచ్చా?

చాలావరకు ఆడొచ్చు. సహనిందితుడు ఒప్పేసుకున్నాడని అబద్ధం చెప్పి రాబట్టిన వాంగ్మూలం కూడా చెల్లుతుందని 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో తీర్పు వచ్చింది. క్రెయిగ్ టేపులో వినిపించేది పచ్చి అబద్ధం కాదు, ఊరడింపు. సహకరిస్తే జైలుకు పంపబోమనీ, పత్రికలకు తాను ఫోన్ చేయననీ అధికారి అంటాడు. అది నిజమే కావొచ్చు. కానీ కోర్టు ఫైలు బహిరంగ పత్రం. పోలీసు నోరు మూసుకున్నంత మాత్రాన ఫైలు మూసుకోదు. 2007 ఆగస్టు 27న రోల్ కాల్ పత్రిక వార్తను బయటపెట్టింది.

సెనేటర్‌ను అరెస్టు చేయకూడదని రాజ్యాంగంలో ఉంది కదా?

సమావేశాలకు వెళ్లి వచ్చేటప్పుడు సభ్యులకు అరెస్టు నుంచి మినహాయింపు ఉందని మొదటి అధికరణంలోని ఆరో సెక్షన్ అంటుంది. రాజద్రోహం, ఘోర నేరం, శాంతిభంగం మాత్రం మినహా. ఆ మూడు మాటలూ కలిపి క్రిమినల్ నేరాలన్నింటినీ కప్పేస్తాయని 1908లోనే విలియమ్‌సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే సివిల్ అరెస్టులకు తప్ప ఈ రక్షణ పనికిరాదు.

## నేరం ఒప్పుకోవడం, వెనక్కి తీసుకోబోవడం

ఏ తప్పూ చేయలేదన్న మనిషి నేరం ఎందుకు ఒప్పుకున్నారు?

గుట్టుగా ముగిసిపోతుందని. పత్రికవాళ్లు అప్పటికే తన వెంట పడుతున్నారనీ, ఆ గాభరాలో సంతకం చేశాననీ ఆయన తర్వాత చెప్పారు. లాయరును పెట్టుకోలేదు. ప్రాసిక్యూటర్ పంపిన ఒప్పందం మీద ఆగస్టు 1న సంతకం చేసి పోస్టులో పంపారు. ఆగస్టు 8న కోర్టు నమోదు చేసుకుంది. తీవ్రమైన అభియోగం, అంటే తొంగిచూసిన కేసు, ఎత్తేశారు. డిజార్డర్లీ కండక్ట్ మిగిలింది. 1,000 డాలర్ల జరిమానాలో 500 నిలిపివేసి, 75 సర్‌చార్జి కలిపి 575 డాలర్లు కట్టించుకున్నారు. పది రోజుల జైలు శిక్షను కూడా నిలిపివేసి ఏడాది ప్రొబేషన్ ఇచ్చారు.

జడ్జి ముఖం చూడకుండా, ఒక్క ప్రశ్నకూ జవాబివ్వకుండా అయిపోయింది. ఈ సౌకర్యమే ఆయన కొంప ముంచింది. ట్రాఫిక్ చలానా కట్టినంత తేలిగ్గా కనిపించే ఆ కాగితంలో ‘నేను నిర్దోషినని ఇప్పుడు వాదించడం లేదు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. దాని కిందే ఆయన సంతకం.

తర్వాత వెనక్కి తీసుకుంటానంటే కోర్టు ఎందుకు ఒప్పుకోలేదు?

శిక్ష పడ్డాక మిన్నెసోటాలో నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోవాలంటే, అది నిలబడితే స్పష్టమైన అన్యాయం జరుగుతుందని చూపించాలి. అంటే మూడింటిలో ఒకటైనా లోపించాలి: ఒప్పుకున్నదానికి తగ్గ వాస్తవాలు ఉండటం, బలవంతం లేకపోవడం, అర్థమయ్యే సంతకం చేయడం. క్రెయిగ్ సెప్టెంబర్ 10న పిటిషన్ వేశారు. అక్టోబర్ 4న జడ్జి చార్లెస్ పోర్టర్ కొట్టేశారు. చదువుకున్నవాడు, జీవితమంతా చట్టాలు చేసే పనిలో ఉన్నవాడు, ఆలోచించుకోవడానికి ఏడు వారాల పైనే గడువు ఉన్నవాడు ‘అర్థం కాలేదు’ అంటే నిలబడదు. భయం వేరు, బలవంతం వేరు. పరువు పోతుందన్న భయం పోలీసులు పెట్టిన బలవంతం కిందికి రాదు.

అప్పీలులో ఏం వాదించారు?

‘ఇతరులకు’ ఆందోళన అని చట్టం బహువచనంలో అంటోంది, ఇక్కడ ఉన్నది ఒక్క అధికారే అన్నది ఒక వాదన. ఆ సైగలు భావప్రకటన, వాటికి రాజ్యాంగ రక్షణ ఉందన్నది మరొకటి. 2008 డిసెంబర్ 9న మిన్నెసోటా అప్పీళ్ల కోర్టు రెండూ తోసిపుచ్చింది. సైగలను మాటలుగా లెక్కవేసినా, లేచి వెళ్లలేని స్థితిలో గదిలో కూర్చున్న మనిషి మీదికి చొచ్చుకొచ్చే మాటలవి, వాటిని ప్రభుత్వం అడ్డుకోవచ్చని అంది.

పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ కూడా ఈ కేసులో క్రెయిగ్ తరఫున వాదన దాఖలు చేసింది. మూసిన టాయిలెట్ గదిలో ఉన్నవారికి ఏకాంతాన్ని ఆశించే హక్కు ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1970లో ఇచ్చిన తీర్పును ముందుకు తెచ్చింది. ఏకాంత స్థలానికి రమ్మని ఇంకొకర్ని పిలవడం నేరం కాదని దాని వాదన.

## చట్టం దృష్టిలో ‘ఉచ్చు’

ఇది ఎంట్రాప్‌మెంట్ కాదా?

రోజువారీ మాటల్లో అవును, చట్టపరంగా చాలావరకు కాదు. ఈ రెండింటి మధ్య దూరమే సగం వాదోపవాదాలకు మూలం. పోలీసు వేషం మార్చడం, అవకాశం కల్పించడం ఎంట్రాప్‌మెంట్ కాదు. ఆ నేరం చేసే ఆలోచనే లేని మనిషి మనసులో పోలీసే ఆలోచన నాటి, చేయించి, పట్టుకుంటే అది ఎంట్రాప్‌మెంట్. క్రెయిగ్ విషయంలో మొదటి అడుగు, అంటే తలుపు సందులోంచి చూడటం, అధికారి ఏమీ చేయకముందే పడింది. అధికారి కాలు ఆడించింది ఆ తర్వాత. కేసు విచారణకు వెళ్లి ఉన్నా ఈ వాదన గట్టెక్కేది కాదనే మా అభిప్రాయం. ఎలాగూ నేరం ఒప్పుకోవడంతో ఆ వాదనకు దారే మూసుకుపోయింది.

కోర్టులు దాన్ని ఎలా కొలుస్తాయి?

రెండు కొలబద్దలున్నాయి. ఫెడరల్ కోర్టుల్లో, మిన్నెసోటాలో నిందితుడి మనసును చూస్తారు: పోలీసు రాకముందే అతను దానికి సిద్ధంగా ఉన్నాడా? కాలిఫోర్నియా లాంటి చోట్ల పోలీసు ప్రవర్తనను చూస్తారు: చట్టాన్ని పాటించే మామూలు మనిషిని కూడా నేరంలోకి నెట్టేలా ఉందా? కాలిఫోర్నియా 1979లో బరాజా కేసుతో రెండో దారి పట్టింది. రెండోదే న్యాయమైనదని మా నమ్మకం. మొదటి పద్ధతిలో విచారణ నిందితుడి పాత జీవితాన్ని తవ్వడం వైపు జారిపోతుంది, పోలీసు చేసిన పని పక్కకు తప్పుకుంటుంది.

ఎంట్రాప్‌మెంట్ వాదన ఎప్పుడైనా గెలిచిందా?

గెలిచింది, అరుదుగా. 1932 నాటి సోరెల్స్ కేసులో మద్యనిషేధ అధికారి పర్యాటకుడిలా వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధ జ్ఞాపకాలు కలబోసుకుంటూ పదేపదే అడిగి మద్యం తెప్పించుకున్నాడు. 1958 నాటి షెర్మన్ కేసులో పోలీసు ఇన్‌ఫార్మర్ మాదకద్రవ్యాల చికిత్సలో ఉన్న మనిషిని బతిమాలి మళ్లీ అందులోకి లాగాడు. 1992 నాటి జేకబ్‌సన్ కేసులో ప్రభుత్వ సంస్థలు 26 నెలల పాటు బూటకపు సంఘాల పేరుతో ఉత్తరాలు పంపి నెబ్రాస్కా రైతు ఒకరితో నిషిద్ధ పత్రికకు ఆర్డర్ పెట్టించాయి. సుప్రీంకోర్టు 5–4తో శిక్ష రద్దు చేసింది. మూడింటిలోనూ కనిపించేది ఒకటే: కాదన్న మనిషిని, లేదా కదలని మనిషిని, వెంటపడి కదిలించడం.

‘నేను చేయలేదు’, ‘నాతో చేయించారు’ రెండూ ఒకేసారి అనొచ్చా?

ఫెడరల్ కోర్టుల్లో అనొచ్చు. 1988లో మాథ్యూస్ కేసు ఆ వెసులుబాటు ఇచ్చింది. జ్యూరీ ముందు మాత్రం రెండూ కలిపి నమ్మించడం కత్తిమీద సామే.

పెద్ద నాయకుల మీద వేసిన వలలు నిలబడ్డాయా?

ఆబ్‌స్కామ్ అనే రహస్య ఆపరేషన్‌లో ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అరబ్ షేక్ ప్రతినిధుల వేషంలో లంచాలు ఎర వేసింది. ఒక సెనేటర్‌కు, ఆరుగురు ప్రతినిధుల సభ సభ్యులకు శిక్షలు పడ్డాయి, ఎంట్రాప్‌మెంట్ వాదనలు చివరికి నిలవలేదు. 1990 జనవరిలో వాషింగ్టన్ మేయర్ మేరియన్ బ్యారీని పాత స్నేహితురాలి ద్వారా హోటల్ గదికి రప్పించి, కొకైన్ పీలుస్తుండగా వీడియో తీశారు. 14 అభియోగాల్లో ఒక్క మిస్‌డిమీనర్ మాత్రమే రుజువైంది. ఎంత స్పష్టమైన వీడియో ఉన్నా, వల పన్నిన తీరు జ్యూరీకి రుచించకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

## న్యాయమా, కాదా

చట్టబద్ధమైతే ఇక అన్యాయం ఏముంది?

చాలా ఉంది. ఫిర్యాదు దేని మీద? టాయిలెట్‌లో ఇతరులకు ఇబ్బంది కలుగుతోందని. ఆ ఇబ్బందిని ఆపడమే లక్ష్యమైతే యూనిఫాంలో ఒక పోలీసు గంటకోసారి లోపలికి వచ్చి వెళితే చాలు. తలుపుల సందులు మూయించొచ్చు, అడ్డుగోడను నేలదాకా దించొచ్చు, హెచ్చరిక బోర్డు పెట్టొచ్చు. ఇవన్నీ తప్పును జరగనివ్వకుండా ఆపుతాయి. గదిలో ఎర కూర్చోబెట్టడం తప్పు జరిగేదాకా ఆగి, కొన్నిసార్లు దాన్ని ఒక మెట్టు ముందుకు నడిపి, ఆపైన పట్టుకుంటుంది. అరెస్టుల లెక్క పెరుగుతుంది, టాయిలెట్ వాడేవాళ్లకు ఒరిగేది తక్కువ.

వల న్యాయంగా ఉందా లేదా తేల్చడానికి మేం చూసేవి: అంతకుముందు నిర్దిష్టమైన ఫిర్యాదు ఉందా, తేలికైన మార్గం ప్రయత్నించారా, మొదటి అడుగు ఎవరిది, పోలీసు జవాబు సైగ చేశాడా, రికార్డింగ్ ఉందా, అదే తప్పు స్త్రీపురుషుల మధ్య జరిగినా ఇలాగే పట్టుకుంటారా. మినియాపొలిస్‌లో ఫిర్యాదు ఉంది, మొదటి అడుగు క్రెయిగ్‌దే. కానీ టాయిలెట్‌లో జరిగినదానికి రికార్డింగ్ లేదు, పోలీసు కాలు కదిలించాడు. నేరాంగీకారం ఇవ్వకపోయి ఉంటే ఈ రెండు లోపాలూ కేసును గట్టిగానే కుదిపేవి.

ఇలాంటి వలలు గేలనే లక్ష్యం చేసుకుంటాయా?

చరిత్ర అదే చెబుతుంది. 1962లో ఒహాయోలోని మాన్స్‌ఫీల్డ్‌లో పోలీసులు టాయిలెట్ అద్దం వెనక దాక్కుని వారాల తరబడి కెమెరాతో చిత్రీకరించారు. 1964 అక్టోబర్‌లో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, అధ్యక్షుడు జాన్సన్ సన్నిహిత సహాయకుడు వాల్టర్ జెంకిన్స్‌ను వాషింగ్టన్ వైఎంసీఏ టాయిలెట్‌లో పట్టుకున్నారు. 50 డాలర్లు కట్టి బయటపడ్డా ఉద్యోగం పోయింది. 2016లో కాలిఫోర్నియా లాంగ్‌బీచ్ కేసులో జడ్జి ఈ వివక్షను సూటిగా పట్టుకున్నారు. పోలీసులు మగ అధికారులనే ఎరగా వాడి మగవాళ్లనే పట్టుకున్నారు, అది చట్టం ముందు సమానత్వానికి విరుద్ధమన్నారు.

గేల హక్కులకు వ్యతిరేకంగా ఓటేసిన నాయకుడి మీద జాలి ఎందుకు?

జాలి చూపమని కాదు. పెళ్లి అంటే స్త్రీపురుషుల మధ్యేనన్న డిఫెన్స్ ఆఫ్ మ్యారేజ్ చట్టానికి క్రెయిగ్ 1996లో ఓటేశారు. ఆ ఓటుకు ప్రజలు జవాబు అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అది పోలీసు నివేదికలోని సైగకు రుజువు కాదు. కపటానికి శిక్ష వేసే చోటు బ్యాలెట్ పెట్టె. ఇవాళ కపట నాయకుడి మీద సడలించిన నియమం రేపు ఏ పేరూ పలుకుబడీ లేని మనిషి మీద వాడతారు. అతనికి లాయరును పెట్టుకునే స్తోమత కూడా ఉండదు.

## రాజకీయ పర్యవసానం

రాజీనామా ప్రకటించి ఎందుకు చేయలేదు?

సెప్టెంబర్ 1న, ఆ నెలాఖరుకు తప్పుకోవాలన్నది తన ఉద్దేశమని ప్రకటించారు. అక్టోబర్ 4న పిటిషన్ ఓడిపోయిన రోజే, పదవీకాలం పూర్తిచేస్తానన్నారు. పార్టీ ఒత్తిడి తేగలదు తప్ప సెనేటర్‌ను తీసేయలేదు. బహిష్కరణకు సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2008లో ఆయన మళ్లీ పోటీ చేయలేదు, 2009 జనవరిలో పదవీకాలం ముగిసింది.

అదే వేసవిలో డేవిడ్ విటర్‌ను ఎందుకు వదిలేశారు?

లూసియానా సెనేటర్ విటర్ కూడా రిపబ్లికనే. ఆయన ఫోన్ నంబరు ఎస్కార్ట్ సంస్థ రికార్డుల్లో దొరికింది. ఆయన క్షమాపణ చెప్పి పదవిలో కొనసాగారు. తేడాకు ఒక లెక్క ఉంది. విటర్ తప్పుకుంటే ఖాళీని నింపేది డెమొక్రాట్ గవర్నర్, క్రెయిగ్ తప్పుకుంటే నింపేది రిపబ్లికన్ గవర్నర్. క్రెయిగ్ వ్యవహారం మగవాడితో ముడిపడి ఉండటం మిగతా కారణం, దాన్ని దాచాల్సిన పని లేదు.

సెనేట్ ఏ చర్య తీసుకుంది?

2008 ఫిబ్రవరిలో ఎథిక్స్ కమిటీ బహిరంగంగా మందలిస్తూ లేఖ ఇచ్చింది. నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోవాలని ప్రయత్నించడం, అరెస్టు వేళ విజిటింగ్ కార్డు చూపడం రెండింటినీ తప్పుపట్టింది.

కోర్టు ఖర్చులకు ఎన్నికల విరాళాలు వాడొచ్చా?

అరెస్టు పదవీ విధులకు సంబంధించినదైతేనే. క్రెయిగ్ రెండు లక్షల డాలర్ల దాకా ప్రచార నిధి నుంచి లాయర్లకు వాడారు. తాను అధికారిక ప్రయాణంలో ఉన్నానన్నది ఆయన వాదన. ఫెడరల్ ఎన్నికల కమిషన్ 2012లో కేసు వేసింది. టాయిలెట్‌లో చేసిన పని సెనేటర్‌గా చేసింది కాదని తేల్చిన కోర్టు, 45,000 డాలర్ల జరిమానాతో కలిపి సుమారు 2,42,000 డాలర్లు కట్టాలని 2014లో ఆదేశించింది. 2016లో అప్పీళ్ల కోర్టు దాన్నే ఖాయం చేసింది. లాయరు లేకుండా 575 డాలర్లతో ముగించాలనుకున్న కేసు తొమ్మిదేళ్లకు అక్కడ తేలింది.